ఉత్త తీగ

మధ్యాహ్నం బడి వదలగానే మునిరత్నం పలక ఒక మూల పెట్టి, కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

పుత్తూరులో వాళ్ళ ఇంటి వెనక పందిరి మీద ఆగాకర తీగలు అల్లుకుని ఉన్నాయి. ఆగాకర అంటే ఒంటి నిండా మెత్తని ముళ్ళుండే బుల్లి కాకర. చేదుండదు. వానాకాలంలో అది సంతకు వచ్చిందంటే గంప దించకముందే జనం మూగుతారు. అసలే యుద్ధం రోజులు. ఊళ్ళో కూరగాయలు సగం మిలిటరీ వాళ్ళకే పోతున్నాయి. ఇక గిరాకీ సంగతి చెప్పాలా?

రత్నం నాయన దామోదరం కూరగాయల వ్యాపారి. సంతలో ఆయన పక్కన కూర్చుని తనూ అమ్మాలని రత్నానికి ఎప్పటినుంచో ఆశ. అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట.

"సరుకున్నోళ్ళకే గోనెపట్ట మీద చోటు. నీ సరుకేది?"

ఈ ఏడు మాత్రం కొంచెం మెత్తబడ్డాడు. "పెరట్లో ఆగాకర నువ్వే సూసుకో. గంప నిండితే నా పక్కన కూర్చో. నిండకపోతే ఆ మాటే ఎత్తద్దు."

అప్పటినుంచి రత్నం ఆ తీగల్ని అంగట్లో సరుకును చూసినట్టు చూస్తోంది. అన్ని తీగలకూ పువ్వు కింద ముళ్ళ పిందె ఉంది. పందిరి మొదట్లో ఉన్నదానికి మాత్రం ఒట్టి పసుపు పూలే. నీళ్ళు తాగుతుంది, పందిరంతా పాకుతుంది, ఒక్క పిందె వెయ్యదు. రాబడి లేని ఖర్చు! రత్నం దాన్ని మొదలంటా కోసి వీధిలో పారేసింది.

అప్పుడే ఆ దారిన నీళ్ళ బిందెతో రత్నం ఈడు పిల్ల తాయమ్మ వస్తోంది. వీధి కొసన వాళ్ళ ఇల్లు. కంచె మీద అచ్చం ఇలాంటి తీగే ఒకటి, ఎవరూ నాటకుండా మొలిచింది. పూలు బాగున్నాయని తాయమ్మ దానికి రోజూ నీళ్ళు పోస్తుంది.

"ఏందే, పూసే తీగను కోసేస్తివి?"

"పూలతో కూర వండుకుంటారా? ఉత్త తీగకు నీళ్ళు మోసే పిచ్చిదాన్ని నిన్నే సూసినా!"

"నాకు బాగుండాది, పోస్తా. నీకేం?" తాయమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

తర్వాత పందిరి మీద పిందెలు ఒక్కొక్కటే పసుపుబారి రాలిపోసాగాయి. రత్నం ఇంకా ఎక్కువ నీళ్ళు పోసింది. బూడిద చల్లింది. పేడ ఎరువు వేసింది. అయినా పొద్దున లేచేసరికి నేల మీద పిందెలే. గంప అడుగు కూడా నిండేట్టు లేదు.

కూతురిని చూసేందుకు సత్యవేడు వెళ్ళిన అవ్వ దేవకమ్మ అప్పుడు తిరిగి వచ్చింది. వస్తూనే పందిరి వైపు చూసింది.

"మొదట్లో తీగ యాడికి పాయె?"

"కోసేసినా అవ్వా. ఒక్క కాయ ఇచ్చిందా అది?"

అవ్వ అరుగు మీద కూర్చుని వక్కాకు సంచీ విప్పింది. "మీ నాయన తక్కెడను ఎంతకి అమ్మినాడే?"

"తక్కెడను ఎవురైనా అమ్ముతారా?"

"అమ్మనిదాన్ని అంగట్లో ఎందుకు పెట్టుకోనుండాడు?"

"అది లేకుంటే తూకమెట్లా అవ్వా? తూకం లేకుంటే బేరమే..." రత్నం కోసిన తీగ మోడు వైపు చూసింది.

"అది పోతు తీగ" అంది అవ్వ. "దాని పువ్వులో పొడి ఈ పువ్వుల్లో పడితేనే పిందె నిలిచేది. సందేళ పూలు విచ్చుకుంటే పురుగులు ఆ పొడి మోస్తాయి. ఇప్పుడు యాడనుంచి మోసేది? గడ్డ భూమిలోనే ఉండాది, చిగురేస్తాది. అది పూసేసరికి కాపుకాలం అయిపోతాది."

"తాయమ్మోళ్ళ కంచె మీద ఉండాదే!"

"అంత దూరం నుంచి పురుగు తెస్తాదో తేదో. నువ్వు తేవచ్చు గదా."

రత్నం వీధి వైపు చూసింది. ఏ మొహం పెట్టుకుని అడగాలి? కానీ ఖాళీ గంప గుర్తొచ్చింది. పొద్దువాలుతుంటే వీధి కొసకు నడిచి, తాయమ్మను పూలడిగింది.

"ఉత్త తీగ పూలతో నీకేం పని? కూర వండుకుంటావా?" అంది తాయమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని.

"నాదే తప్పు తాయీ. తెలీక నోరు పారేసుకున్నా. నా తీగనూ నేనే పాడు చేసుకున్నా. పిందెలన్నీ రాలిపోతాండాయి."

తాయమ్మ బిందె చేతికిచ్చింది. "ముందు దీనికి నీళ్ళు పొయ్యి. మళ్ళీ సూస్తాం."

రత్నం బిందె వంచి తీగ మొదట్లో నీళ్ళు పోసింది.

ఇద్దరూ ఆకుదొన్నెలో పూలు కోసుకుని పందిరి దగ్గరికి వచ్చారు. పోతు పువ్వు రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న పువ్వు నడుమ మెల్లగా అద్దాలి. రత్నం అద్దిన మొదటి పువ్వు పుటుక్కున విరిగింది.

"మెల్లిగానే తల్లీ! పువ్వనుకున్నావా, గుమ్మడికాయనుకున్నావా?" తాయమ్మ నవ్వింది. రత్నానికీ నవ్వొచ్చింది.

రోజూ సందేళకు అదే పని. పిందెలు నిలిచాయి. పచ్చగా, ముళ్ళు విచ్చుకుంటూ లావెక్కాయి.

సంత రోజున దామోదరం నిండు గంప ఎత్తి చూసి తలాడించాడు. గోనెపట్ట పరిచి, "రామ్మా, కూర్చో" అన్నాడు.

రత్నం కూర్చుంది. కూర్చున్నాక ఒక పక్కకి ఒదిగి, వెంట వచ్చిన తాయమ్మను "తాయీ, ఇట్రా" అని పిలిచింది.

"ఆగాగు" అన్నాడు దామోదరం. "సరుకున్నోళ్ళకే పట్ట మీద చోటు. ఈ పాప సరుకేది?"

రత్నం గంపలోంచి లేత కాయ ఒకటి తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. "ఇదే నాయనా. ఈ పిల్ల పూలు లేకుంటే ఇది నేల మీద రాలి ఉండేది. గంపలో ప్రతి కాయా అంతే."

దామోదరం కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మోకాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.

"సరే. తక్కెడ ఎవురు పడతారు?"

"నేను" అంది రత్నం. "కేకేసేది తాయమ్మ."

తాయమ్మ గొంతు సవరించుకుంది.

"ఆగాకరోయ్... లేత ఆగాకర!"

సంతలో సగం మంది ఇటు తిరిగారు.