దొరగారిని కరిచిన ఎలుక

అల్ ఖోబర్‌లో ఆ సాయంత్రం దుమ్ము లేచి, మగ్రిబ్ అజాన్ వినిపించకముందే కిటికీల అవతల చీకటి కమ్మేసింది. తలుపు సందుల్లోంచి దూరిన ఇసుక పళ్ల కింద కరకరమంటోంది. స్వర్ణకు ఒళ్లు మండిపోతోంది. ఇసుకకు కాదు, పద్యానికి.

స్పానిష్ పద్యం! అందులోనూ హాస్యమట. ఎలుక దొరగారిని కరుస్తుంది, దొరగారు తిరిగి ఎలుకను కరుస్తాడు. దాని ఛందస్సు, ప్రాస, నిర్మాణం విప్పి చెబుతూ గొంతు రికార్డు చేసి ఇవాళే స్కూలుకు పంపాలి. నచ్చితే స్పానిష్ టీచరు పోస్టు, స్కూలు పేరు మీద ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి. లేదంటే ఆమె, ఆరేళ్ల కూతురు పుష్ప ఎగ్జిట్ వీసా మీద ఇంటికే. భర్త నాగేందర్ కంపెనీ నితాకాత్‌లో, అంటే సౌదీవాళ్లకు ఇవ్వాల్సిన ఉద్యోగాల లెక్కలో, ఎర్ర రంగులో పడింది. భార్యాబిడ్డల తలకింతని కట్టే ఫ్యామిలీ లెవీ ఇక తన వల్ల కాదని అతను చేతులెత్తేశాడు.

"ఒడిసిందా స్వర్ణా?" డ్యూటీ నుంచి ఫోన్ చేశాడు.

"యాడ ఒడుస్తది? లైనుకు ఎనిమిది అక్షరాలుండాలె, ఏడే వస్తున్నయి. నా తలకాయ తింటున్నది!"

బడిలో తెలుగు పద్యాలతో అయిన అలవాటు కొద్దీ ముందు గురులఘువులు పెట్టింది, రెండో అక్షరంలో ప్రాస వెతికింది. ఉంటేగా! ఇక్కడ ప్రాస లైను చివర: బరోన్ అంటే దొర, రతోన్ అంటే ఎలుక. మొదటిదానికి నాలుగోది, రెండోదానికి మూడోది జత. అంతవరకు దొరికింది. లెక్కే కుదరడం లేదు. బల్ల మీద వేలితో కొడుతూ మళ్లీ చదివింది.

"ఎల్... ర... తోన్... మోర్... ద్యోఆల్... బ... రోన్."

ఏడు.

టక్.

గోడ అవతల నుంచి. ఎనిమిదో దెబ్బ.

అప్పుడు గుర్తొచ్చింది. లైను చివరి అక్షరాన్ని ఒత్తి పలికితే, పలకని అక్షరం ఒకటి కలిపి లెక్కపెట్టాలి. హైదరాబాదులో స్పానిష్ నేర్చుకున్నప్పుడు చదివిందే. సంతోషపడాలి... పడలేకపోయింది. ఆ పక్క ఫ్లాటు ఖాళీ.

కడప మెహరున్నిసా ఉండేది అందులో. స్వర్ణ స్పానిష్ వల్లెవేస్తుంటే పక్కన కూర్చుని వినేది. పిల్లల్లేరు, పుష్పను ఒళ్లోంచి దించేది కాదు. "నేనైతే పోను స్వర్ణా, ఈడ్నే ఉంటా" అని ఏడ్చేది. ఎగ్జిట్ పడిన వారమే గుండె ఆగి చనిపోయింది.

భయమేసినా ఆపితే ఎలా? రికార్డు నొక్కి చదివింది. ఏడు... టక్. చివరి లైను మొదలుపెట్టబోయి ఆగిపోయింది. మెహరున్నిసా పూసుకునే అత్తరు వాసన... చెవి పక్కనే గుసగుస... లైను పూర్తయింది. ఎవరో నవ్వారు.

స్వర్ణ రికార్డింగ్ అలాగే పంపేసింది. మళ్లీ వినే ధైర్యం లేదు.

రాత్రి ఇషా అజాన్ అయ్యాక స్కూలు సెక్రటరీ గుల్షన్ ఫోన్ చేసింది.

"చివరి లైను చదివిన మేడమ్‌ను తీసుకున్నాం."

"అది... నేనే."

"కాదండీ, రెండో గొంతు. ఇందాక మీ ఫోన్లోనే మాట్లాడారు కదా! పాపను కూడా మా స్కూల్లోనే చేర్చారు. మీరు ఇండియా వెళ్లిపోతున్నారట..."

స్వర్ణ ఫోన్ పడేసి లోపలి గదిలోకి పరుగెత్తింది. పుష్ప మంచం మీద కుదురుగా కూర్చుని ఉంది. ఒంటి మీద ఎన్నడూ చూడని యూనిఫాం, బిగించి అల్లిన రెండు జడలు.

"ఎవరేసిండ్రు బిడ్డా... ఈ జడలు?"

పాప బెదురుగా వెనక్కి జరిగింది.

"మా అమ్మ," అంది. "మీరెవరు ఆంటీ?"