చిత్రశాలలో చెంగల్వ

మణిపల్లె రాజ్యానికి వింత ఆపద వచ్చిపడింది. ఒక ఉదయం జనం నిద్రలేచేసరికి దేశంలో ఎక్కడా రంగన్నదే లేదు. పండుమిరప, పచ్చిమిరప ఒకటే బూడిద వన్నె. కాయ ఏదో పండు ఏదో తెలియక రైతులు తలలు పట్టుకున్నారు. అద్దకం పనిచేసే ఓబులయ్య రంగుతొట్టి పక్కనే కూలబడి అన్నం మానేశాడు.

"ఒక్క ముద్ద తిను అయ్యా," అని కూతురు చెంగల్వ బతిమాలింది.

"చేతికి పనిలేనివాడికి తిండెందుకమ్మా," అన్నాడాయన.

ఇలాగే ఉంటే అయ్య దక్కడని చెంగల్వకు అర్థమైంది. చద్దిమూట కట్టుకుని, రంగులను వెతుక్కుంటూ అడవిబాట పట్టింది.

అడవిలో ఆకలితో సొమ్మసిల్లిన ముని ఒకడు కనిపిస్తే, తన చద్ది అతనికి పెట్టింది.

ముని తేరుకుని, "తల్లీ, మీ రంగుల్ని వర్ణకేతుడనే గంధర్వుడు ఒక బొమ్మ కోసం ఎత్తుకుపోయాడు. మబ్బులకొండ మీద అతని చిత్రశాలలో ఉందది. ఈ సాయంత్రం పొద్దు గుంకితే బొమ్మ మీది తడి ఆరిపోతుంది. ఆపైన రంగులు ఎవరికీ దక్కవు," అన్నాడు.

అతను చప్పట్లు చరిస్తే రెండు తలల గండభేరుండం వాలింది.

"నా మెడ గట్టిగా పట్టుకో," అంది ఒక తల.

"దాని మాట వినకు, నా మెడే పట్టుకో," అంది రెండోది.

చెంగల్వ రెండు మెడలూ వాటేసుకుంది. కొండమీద దిగాక రెండు తలలకూ విడివిడిగా దణ్ణం పెట్టింది.

చిత్రశాల కిటకిటలాడుతోంది. యక్షులు, నాగులు, కిన్నరులు బొమ్మ చూడ్డానికి ఒకరినొకరు తోసుకుంటున్నారు. కొమ్ములు, పడగలు తప్ప బొమ్మ అంచైనా కనబడదు.

"కాలు తొక్కావు, కళ్ళు లేవా?"

"నీ తోక తీసి నెత్తిన పెట్టుకో!"

తాటిచెట్టంత రాక్షసుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మామా, కాస్త జరుగుతావా?"

"పిడికెడు లేవు, నీకేం కనబడుతుందే? పొద్దుటినుంచీ నేను చూసింది ముందువాడి పిలక ఒక్కటే!"

చెంగల్వ అతని కాళ్ళ సందునుంచి దూరి ముందుకు చేరింది. గోడమీద మణిపల్లె అంతా ఉంది, సమస్తమైన రంగులతో. దాని కింద గంధర్వుడు గడ్డం చేత్తో పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు.

"అయ్యా, మా రంగులు మాకిచ్చెయ్. మా అయ్య అన్నం మానేశాడు."

"ప్రాణం పెట్టి గీశాను. ఇంతమంది వచ్చారు, ఒక్కరైనా తీరిగ్గా చూశారా? వీళ్ళందరూ దీన్ని చూసిన క్షణాన నీ రంగులు నువ్వు తీసుకుపో," అన్నాడు గంధర్వుడు.

పొద్దు కొండకొమ్మున వాలిపోతోంది. చెంగల్వకు వాళ్ళ ఊరి వీధిభాగోతం గుర్తొచ్చింది. అక్కడా ఇంతే తొక్కిసలాట. ఎవరో ఒకరు లేచి కేకపెడితే సర్దుకునేవారు. చటుక్కున గంధర్వుడి పక్కనున్న పీట ఎక్కి, గొంతెత్తి అరిచింది.

"ముందోళ్ళు కూర్చోండి! పొడుగోళ్ళు వెనక్కెళ్ళండి! పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి!"

"మనిషిపిల్ల మనకు చెప్పేదేమిటి?" అని నాగుడు బుసకొట్టాడు.

"నేను కూర్చుంటే ఇంకోడు అడ్డం నిలబడడూ?" అన్నాడు యక్షుడు.

ఎవరూ కదల్లేదు. చెంగల్వ చేతులు జోడించింది. "మామా, నువ్వైనా!"

"సరేలే, కాళ్ళు ఎలాగూ పీకుతున్నాయి," అంటూ రాక్షసుడు చతికిలబడ్డాడు. కొండ అదిరింది. అతని వెనకున్నవాళ్ళందరూ "ఓహో!" అన్నారు. వాళ్ళకు బొమ్మ కనబడింది మరి! అది చూసి యక్షుడు కూర్చున్నాడు, నాగుడు పడగ దించాడు. చూస్తుండగానే చిత్రశాల సద్దుమణిగింది.

"ఆ మిరపపళ్ళు చూడవే, నోరూరుతోంది!" అంది ఒక యక్షుల అవ్వ.

గంధర్వుడి కళ్ళు చెమర్చాయి. "చల్లగా ఉండు తల్లీ. ఇక ఇది గోడమీద లేకపోయినా వీళ్ళ కళ్ళల్లో ఉంటుంది," అని బొమ్మమీద ఊదాడు. రంగులన్నీ చిలకల గుంపులా లేచి మణిపల్లె వైపు ఎగిరిపోయాయి.

చెంగల్వ ఇల్లు చేరేసరికి ఓబులయ్య మోచేతుల దాకా ఎరుపుతో, ఆ చేతుల్తోనే అన్నం తింటున్నాడు. సంగతి తెలిసి రాజు ఆమెను రాజ్యంలోని అద్దకపు శాలలన్నిటికీ అధికారిణిని చేశాడు.

అధికారం చేపట్టాక చెంగల్వ మొట్టమొదట అద్దించింది ఒక ఎర్రటి తలపాగా. దాన్ని ఆరబెట్టడానికి ఏటి ఒడ్డు పొడవునా చోటు కావలసివచ్చింది.

"ఇంత తలపాగా ఎవరికమ్మా?" అన్నాడు ఓబులయ్య.

"అందరికంటే ముందు కూర్చున్న మామకి, అయ్యా."