మొదటి ఫ్లోర్‌కు మార్కులు

"ఆగుండ్రి. ఒక్క అడుగు ముందుకేసినా ఊకోను."

మెట్ల మీదే ఆగిపోయాను. పైన మాప్ కర్ర పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఈ బిల్డింగ్ మాది," అన్నాను.

"బిల్డింగ్ మీదే. ఇప్పుడే తుడిచిన. ఆరనియ్యుండ్రి."

పది నిమిషాలు నిలబడ్డాను. కోపం రావాల్సింది, రాలేదు. చున్నీ నడుముకు బిగించి, నేను ఎక్కడ కదులుతానో అని ఓరకంట చూస్తూ తుడుచుకుంటూ పోయింది. ఆ ఓరచూపు కోసం ఇంకో పది నిమిషాలు నిలబడమన్నా నిలబడేవాణ్ణి.

అశ్వారావుపేటలో మాకో కాంప్లెక్స్ ఉంది. కింద షాపులు, మొదటి ఫ్లోర్‌లో పళ్ల డాక్టరు, ఇన్సూరెన్స్ ఆఫీసు, రెండో ఫ్లోర్‌లో కోచింగ్ సెంటర్. ఓనర్ మా అమ్మీ, సర్వరీ బేగం. పాత క్లీనింగ్ వాళ్లు మానేశాక కొత్త కంపెనీని ఎంచే పని నాకు అప్పగించింది. వచ్చిన రెండు కొటేషన్లూ ఇంచుమించు ఒకటే. అందుకని వారం రోజులు ట్రయల్ పెట్టాను. మొదటి ఫ్లోర్ ఫాయిజాది. నన్ను మెట్ల మీద నిలబెట్టిన అమ్మాయే. ఇల్లందు నుంచి ఆరుగురు ఆడవాళ్లతో కొత్తగా కంపెనీ పెట్టింది. రెండో ఫ్లోర్ ఖమ్మం కంపెనీది, దాని మేనేజర్ రెహమాన్. రోజూ సాయంత్రం నేను రెండు ఫ్లోర్లకూ పదికి ఇన్ని అని మార్కులు వేయాలి.

రెహమాన్ నాకు చూసిన రోజే నచ్చలేదు. ఇస్త్రీ షర్టు, సెంటు వాసన, ఫ్లోర్ తుడిచే మిషన్. అవన్నీ ఓర్చుకునేవాణ్ణే. రెండో రోజు రెండు టీ కప్పులు పట్టుకుని మొదటి ఫ్లోర్‌కు దిగాడు. ఒకటి ఫాయిజాకిచ్చాడు. ఆమె నవ్వింది. నాతో మాత్రం "సార్, నల్లా లీకయితున్నది" తప్ప వేరే మాట లేదు.

"ఆయన మీకు తెలుసా?" మాటవరసకు అడిగినట్టే అడిగాను.

"అవ్. హైదరాబాద్‌ల ఒక్కకాడనే ట్రైనింగ్ అయినం."

"టీలు ఇచ్చుడు కూడా ఆడనే నేర్పిన్రా?"

"మీరు అద్దాలు చూస్తానికి వచ్చిన్రా, టీ కప్పులు చూస్తానికా సార్?"

ఆ సాయంత్రం అద్దాల మీద ఒక్క మరక లేదు. అయినా ఆరు మార్కులే వేశాను. సిగ్గుపడాల్సిన పనే, కానీ ఆ పూట హాయిగా అనిపించింది.

మూడో రోజు నా బుర్ర ఇంకా పాడైంది. కంపెనీ ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోన్ చేసి కనుక్కోవడం రివాజు. ఫాయిజా ఇచ్చిన నంబరు సత్తుపల్లిలో ఒక ఫంక్షన్ హాల్ మేనేజర్ శ్యామలది. పని ఎలా ఉంటుందని ఒక్క ప్రశ్న అడిగాను. రెహమాన్ అక్కడికి వచ్చేవాడా, ఎన్నిసార్లు వచ్చాడు, ఫాయిజాను బండి మీద దింపేవాడా అని ఎనిమిది ప్రశ్నలు అడిగాను.

మర్నాడు పొద్దున ఫాయిజా నా ఆఫీసు గదిలోకి దూసుకొచ్చింది.

"శ్యామలక్క ఫోన్ చేసింది. వాళ్లు బాత్రూములు కడిగేటోళ్లను చూస్తున్నరా, సంబంధం చూస్తున్నరా అని అడిగింది. నేనేం చెప్పాలె?"

నేను టేబుల్ మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"సరే, మీరడిగింది నేనే చెప్త. రెహమాన్ పెండ్లికి రిష్తా పంపిండు. నేనింకా జవాబియ్యలె. ఈ కాంట్రాక్టు రాకపోతే నా ఆరుగుర్ని ఆయన కంపెనీల కలుపుకుంట అన్నడు. వాళ్లకు నెల నుంచి పని లేదు. ఇప్పుడు చెప్పుండ్రి, ఆ ఆరు మార్కులు దేనికి?"

అబద్ధం ఆడదామనుకున్నా నోరు రాలేదు. "కుళ్లుతోటి. ఆయన టీ ఇస్తే నువ్వు నవ్వినవని."

నేను గబగబా షీటు తీశాను.

"పది వేస్త. ఇప్పుడే దిద్దుత."

"వద్దు. నన్ను చూసి ఇచ్చిన కాంట్రాక్టు రేపు నన్ను చూసే తీసేస్తరు. పని చూసి ఇయ్యుండ్రి. లేకుంటే ఇయ్యకుండ్రి."

ఆమె వెళ్లాక షీటు తీసుకెళ్లి అమ్మీ చేతిలో పెట్టాను. నా చూపు సరిగ్గా లేదు, నువ్వే చూడు అన్నాను. అమ్మీ ఎందుకని అడగకుండా కళ్లజోడు పెట్టుకుంది.

శనివారం ట్రయల్ ఆఖరి రోజు. పొద్దున్నే వాన పట్టుకుంది. పామాయిల్ తోటల నుంచి వచ్చే రైతుల కాళ్లకు పిక్కల దాకా ఎర్రమట్టి. నేను వచ్చేసరికి ఫాయిజా మనుషుల్లో పెద్దామె జంపక్క మెట్ల కింద నీళ్ల డ్రమ్ము, చెంబు, రెండు గోనె పట్టాలు పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, గోనె మీద తుడుచుకుని పైకెక్కుతున్నారు. రెండు ఫ్లోర్లూ మెరుస్తున్నాయి. రెండో ఫ్లోర్ కూడా మెరుస్తోందని నాకు ఒళ్లు మండింది. నేరుగా వెళ్లి ఫాయిజానే అడిగాను.

"రెహమాన్ ఫ్లోర్‌కు పోయే కాళ్లు కూడా నువ్వే కడిగిస్తున్నవేంది?"

"మట్టి ఏ ఫ్లోర్‌కు పోవాల్నో అడిగి ఎక్కుతదా సార్? అయినా మీరు మార్కులేసుడు మానేసిన్రంట కద."

"మార్కులేసుడు మానేసిన. కుళ్లుకునుడు మానలె."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేనని నా నమ్మకం.

మధ్యాహ్నం అమ్మీ రెండు ఫ్లోర్లూ తిరిగింది. బాత్రూముల్లోకి వెళ్లి చూసింది, పళ్ల డాక్టర్ను అడిగింది, కోచింగ్ అమ్మాయిలను అడిగింది. తర్వాత జంపక్క పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చుంది. చివరికి అందర్నీ ఆఫీసులోకి పిలిచింది.

"రెహమాన్ బాబూ, నీ మిషన్ మంచిగున్నది. కానీ మట్టి లోపలికొచ్చినంక తుడుచుడు వేరు, రాకుండ ఆపుడు వేరు. కాంట్రాక్టు ఫాయిజాకు ఇస్తున్న."

రెహమాన్ మర్యాదగా తలూపాడు. వెళ్తూ వెళ్తూ ఫాయిజా వైపు ఒకసారి చూశాడు. అది కూడా నాకు నచ్చలేదు.

అమ్మీ పదకొండు నెలల అగ్రిమెంటు నా ముందుకు జరిపింది. నేను మళ్లీ ఆమె వైపే నెట్టాను.

"సంతకం నువ్వే చెయ్ అమ్మీ. ఇగ చెకింగ్ కూడా నువ్వే చూసుకో."

"ఎందుకురా ముస్తకీమ్?"

"ఈమె పనికి మార్కులేసుకుంట ఈమెను ఒక మాట అడగలేను."

"ఏం మాట?"

చెవులు వేడెక్కాయి. "నన్ను చేసుకుంటవా అని."

అమ్మీ నింపాదిగా సంతకం పెట్టి, పెన్ను మూసి, ఫాయిజా వైపు తిరిగింది.

"బేటీ, మీ అబ్బా ఇంటికాడ ఎప్పుడుంటడు?"

"బొగ్గు బావిల డ్యూటీ," ఫాయిజా తల దించుకుని అంది. "ఆదివారం ఇంటికాడనే ఉంటడు."

నా గుండె గంతులేసింది. అంత సంతోషంలోనూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఇద్దరం మెట్లు దిగుతుంటే అడిగేశాను.

"మరి రెహమాన్‌కు ఏం చెప్తవ్? కాంట్రాక్టు వచ్చింది కాబట్టే ఆయనను వద్దంటున్నవా?"

ఫాయిజా ఆగింది. "ఆయనకు పొద్దుగాలనే వద్దని చెప్పిన."

"పొద్దుగాలనా? అప్పటికి కాంట్రాక్టు ఎవరికొస్తదో తెల్వదు కద. రాకపోయుంటే?"

"రాకపోయుంటే జంపక్కోళ్లకు ఇంకోకాడ పని ఎతికేదాన్ని," అంది ఫాయిజా. "మొగుణ్ణి ఎతకాల్సిన పని లేకుండె."