కొంగకు పెట్టిన పేరు

రీగా నగరంలో ఆ సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. దేశదేశాల పాటల పోటీ జరిగే హాలు వెనకగదిలో వెల్గా మేక ముసుగు ఒళ్ళో పెట్టుకుని నల్లరొట్టె నములుతోంది. రుచి తెలియడం లేదు. తమ్ముడు గాటిస్ పోయినప్పటినుంచి ఆమెకు ఏదీ తెలియడం లేదు.

చలికాలంలో ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగే తమ ఊరి ఆటనే వాళ్ళు పాటల బృందంగా మార్చారు. నవ్వులాటగా మొదలైంది, దేశం తరఫున పోటీదాకా వచ్చింది. మేక పాడుతుంది. ఎలుగు డోలు కొడుతుంది. కొంగ మాట్లాడదు, పొడుగాటి చెక్క ముక్కు టకటకలాడిస్తుంది. సరస్సు మీద మంచు విరిగి మునిగిపోయేదాకా ఆ కొంగ గాటిసే. అందుకే ఏ పాటలోనూ వాడి గొంతు లేదు. ఈమధ్య ఆ గొంతు ఎలా ఉండేదో వెల్గాకు గుర్తు రావడం లేదు. ఆమెకు మిగిలిన భయం అదొక్కటే.

"ఓడిపోతే బాగుణ్ణు. ఇంకోసారి ఈ తోల్లో ఉడకలేను," అన్నాడు ఎలుగు వేషంలో ఇమాంట్స్.

"ఉడికితే వడ్డించేస్తాంలే," అన్నాడు రేనార్స్. గాటిస్ స్థానంలో కొత్తగా వచ్చిన కొంగ అతనే. "అక్కా, నా కొంగ తల చూశావా? ఇక్కడే పెట్టాను."

"చూళ్ళేదు. వెతుక్కో. మన వంతు వచ్చేస్తోంది."

వాళ్ళు వేదిక ఎక్కేసరికి కొంగ ముందే అక్కడ నిలబడి ఉంది. దీపాలు వెలిగాయి. పాట మొదలైంది.

రేనార్స్ ఎప్పుడూ సరిగ్గా తాళం మీదే కొడతాడు. ఈరోజు ముక్కు అర తాళం వెనకబడి పడుతోంది. గాటిస్ కొట్టినట్టు. పక్కనుంచి తడిసిన గొర్రెతోలు కోటు వాసన... అడుగున సరస్సు బురద వాసన... వెల్గా గొంతు మాత్రం పాట ఆపలేదు.

పాట అయ్యాక ఇమాంట్స్ మంచినీళ్ళకు పరుగెత్తాడు. చీకటి నడవలో మేక, కొంగ మిగిలాయి. కొంగ కోటు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

ముసుగులో ఉన్నవాళ్ళను పేరుతో పిలవకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు. పిలిస్తే, లోపల ఎవరున్నా సరే, ఆ పేరు తమదిగా చేసుకుని ఆ పేరుగలవాడి ఇంటికే పోతారని అమ్మ చెప్పేది. వెల్గాకు అది గుర్తుంది. కానీ ఒక్క మాట వినాలి. ఒక్కటే...

"గాటిస్?"

ముక్కు ఆగింది.

"అక్కా," అంది కొంగ.

ఆ గొంతు వాడిదేనా? ఆమె ఎదురుచూసింది. లోపల ఏదీ కదల్లేదు. అవుననీ తెలియలేదు. కాదనీ తెలియలేదు.

కొంగ వెనక్కి తిరిగి బయటి తలుపువైపు నడిచిపోయింది.

అటునుంచి రేనార్స్ ముసుగు లేని తలతో రొప్పుతూ వచ్చాడు. "అక్కా, తల ఎక్కడా దొరకలేదు! కొంగ లేకుండానే కానిచ్చేశారా?"

జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. ఊరినుంచి అమ్మ.

"వెల్గా..." గుసగుసగా అంది. "తలుపు అవతల ఎవరో ఉన్నారే. 'అమ్మా, నేను గాటిస్‌ని, తియ్యి' అంటున్నాడు. నాకా చెవులు సరిగ్గా వినపడవు. గొళ్ళెం మీద చెయ్యి వేసే ఉన్నా. ఫోను తలుపుకి ఆనిస్తాను, విని చెప్పు. వాడేనా?"

వెల్గా ఫోను చెవికి నొక్కుకుంది.

టక్... అర తాళం ఆగి, టక్.

"చెప్పవే అక్కా," అంది తలుపు అవతలి గొంతు.