దగ్గు కిటికీలో చేతులు

నూట పదకొండో చెయ్యి వెనక్కి వెళ్లింది. మందులు పంచే యంత్రం పంపకి గంట కొట్టి నూట పన్నెండును పిలిచింది. వినోద చేతితొడుగు మార్చుకుని, గోడలోని గుండ్రటి కంత దగ్గరికి స్టూలు జరుపుకుంది.

ఈ కిటికీలో ముఖాలు కనబడవు. వచ్చినవాళ్లు ఎడమ చెయ్యి జబ్బ దాకా కంతలో పెట్టాలి. పంపకి నెత్తుటి చుక్క లాగి, పరీక్షించి, వారానికి సరిపడా ఎర్ర గోలీలు రాలుస్తుంది. వాటిని అరచేతిలో పోసి వేళ్లు ముడిచి పంపడం వినోద పని. చెయ్యి లోపల ఉన్నంతసేపూ కంత మూత దిగదు. మొదట్లో ఒకరి వేళ్లు నలిగాయట, అప్పటినుంచీ ఆ ఏర్పాటు.

పైన ఎండ యాభై నాలుగు డిగ్రీలు దాటిన ఏడాది జనం పాత బొగ్గుబావుల్లోకి దిగి లోనగరం కట్టుకున్నారు. ఎండ తప్పింది గానీ చెమ్మ తప్పలేదు. చెమ్మతోపాటు క్షయ తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక్కో రోగానికి ఒక్కో కిటికీ. ఇది దగ్గు కిటికీ. రెండు సొరంగాల అవతల, కాన్పుల మధ్య ఎడం కోసం పెట్టిన ఎడం కిటికీ ఉంది. అప్పుడే కాన్పు వద్దనుకున్న ఆడవాళ్లు అక్కడ జబ్బలో చర్మం కింద మందు పుల్ల పెట్టించుకుంటారు. ఒక కిటికీ సంగతి ఇంకో కిటికీకి తెలియకూడదు. పూర్వం ఎవరి పెళ్లాం ఏ మందు వాడుతోందో వీధిలోకి పొక్కి కాపురాలు కూలాయని గోప్యచట్టం తెచ్చారు. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే జరిగింది. ఎర్ర గోలీలు పుల్లలోని మందును ఒంట్లో నిలవనివ్వవు. ఆ ముక్క చెప్పడానికి ఏ కిటికీకీ అధికారం లేదు.

వినోద ఆరేళ్లు ఎడం కిటికీలో చేసి, మూడు నెలల కింద ఇటు బదిలీ అయింది. ఆ రోజు అందరిలాగే మరపు ప్రమాణం చేసింది. ఉప్పునీళ్లు పుక్కిలించి, "నేనెవరినీ ఎరగను" అని మూడుసార్లు అంది. గోలీల సంగతి ఆమెకు తెలుసు. ఎవరికి పుల్ల ఉందో అడగకూడదు కాబట్టి అడగలేదు. అడగకపోతే తప్పు తనది కాదని సర్దిచెప్పుకుంది. నిజానికి భయపడింది, అంతే.

నూట పన్నెండో చెయ్యి వచ్చింది. సన్నటి చెయ్యి. జబ్బ లోపలివైపు 'చిన్ని' అని పచ్చబొట్టు, దాని కింద చిన్న గాటు మచ్చ. ఆ గాటు పెట్టింది వినోదే.

స్వరూప! చిన్ని అన్నది పుట్టిన గంటకే పోయిన ఆమె బిడ్డ పేరు. ఇంకో కాన్పుకు ఈమె గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ చీటీ రాసి పంపింది. పుల్ల పెడుతుంటే స్వరూప, "ఇగ భయం లేదు గదా అక్కా?" అనడిగింది. "మూడేండ్లు నిమ్మళంగుండు," అని తనే చెప్పింది.

పంపకి గోలీలు రాల్చింది. "మొదటి వారం. పొంతన సరిపోయింది," అంది. దానికి దగ్గు తప్ప ఇంకేమీ కనబడదు మరి.

వినోద గోలీలు పోయలేదు. ఆ మణికట్టు పట్టుకుంది.

"చెల్లే, చెవి కంతకాడ పెట్టు," అంది గొంతు తగ్గించి. "గోలీలు ఏసుకో, ఒక్క పూట గూడ ఇడువకు. గని ఇవి ఏసుకున్నన్ని రోజులు నీ పుల్ల పని జెయ్యది."

స్వరూప ఆ గొంతు గుర్తుపట్టింది. "మూడేండ్లంటివి గదక్కా!"

"అప్పుడు గోలీల ముచ్చట లేకుండె. పోయి కాపర్‌టీ ఏపిచ్చుకో. దాన్ని ఈ గోలీలేం జెయ్యయి. అందాక కండోమ్ లేకుంట కలువకుండ్రి."

"గోలీలు అయిపోయినంక?"

"ఇంకో నెల దాక గూడ పుల్లను నమ్మకు."

పంపకి మీద ఎర్రదీపం వెలిగింది. "ఎరుక నేరం నమోదైంది. ఉద్యోగిని తొలగిస్తున్నాం. చెయ్యి తీయండి, కిటికీ మూయాలి."

"మూస్తే మూసుకోనీ," అంది స్వరూప గట్టిగా. "వెనక ఇందరున్నరు. వాళ్లకు గూడ చెప్పు. నేను చెయ్యి తియ్య."

గోడ అవతల గుసగుసలు లేచాయి. స్వరూప చెయ్యి పక్కనుంచే ఇంకో చెయ్యి దూరింది. "నాకూ ఉందక్కా పుల్ల, జూడు." వినోద వేలితో తడిమి, చెప్పిందే మళ్లీ చెప్పింది. మూడో చెయ్యి, నాలుగో చెయ్యి. ఒకటి వెళ్లేలోపు ఇంకొకటి వస్తోంది. పంపకి చెయ్యి తీయమంటూనే ఉంది.

ఏడో చేతికి చూపుడువేలి కొస లేదు. వినోద గుర్తుపట్టింది. మూడు నెలలుగా ప్రతి వారం ఆ అరచేతిలో గోలీలు పోసింది తనే. జబ్బ తడిమింది. చర్మం కింద పుల్ల గట్టిగా తగిలింది. నోరు తెరిచింది.

"నాకు చెప్పకక్కా," అందా గొంతు. "నెల తప్పి రెండు నెల్లాయె. పుల్ల ఉన్నంక ఎట్లయితదని మా అత్త నన్నే అనుమానిస్తుంది. ఎట్లయిందో నువ్వొచ్చి ఆమెకు జెప్పుతవా?"

వినోద చేతితొడుగు ఊడదీసి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వస్త," అంది.