షాలోమి తొలి స్టూడెంటు

కోపంగా వచ్చిన మనిషి చేతిలో మామిడికాయల బుట్ట ఉంటే ఆ కోపాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. ఇన్నయ్యకి ఆ సంగతి ఫ్లయింగ్ స్కూల్ గేటు దగ్గరే తెలిసింది. వాచ్‌మన్ బుట్ట చూసి, ఎవరికో కానుక అనుకుని, నవ్వుతూ లోపలికి వదిలేశాడు.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, తోటల మధ్య రన్‌వే వేసి ఆ స్కూలు పెట్టి రెండేళ్లయింది. దాని పక్కనే ఇన్నయ్యది ఎనిమిదెకరాల మామిడి తోట. పేరు విని ముసలాయన అనుకోవద్దు. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. తాతగారి పేరు పెట్టారు, అంతే.

వరండాలో తెల్ల చొక్కా వేసుకున్న ఒకమ్మాయి ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది. ఇన్నయ్య బుట్ట తెచ్చి ఆమె కాళ్ల దగ్గర దించాడు.

"చూడండి మేడమ్, మీ విమానాల నిర్వాకం!"

"ఇవి మామిడికాయలు కదండీ?"

"నిన్నటిదాకా బంగినపల్లి. ఇవాళ ఎవరూ కొనరు. మీ విమానం తోట మీదికి రాగానే మా కూలీలు గెడలు పట్టుకుని నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. కాయ గెడకి కట్టిన వల చిక్కంలో పడకుండా నేల మీద పడి దెబ్బ తింటోంది. రోజుకి రెండు బుట్టలు పోతున్నాయండీ!"

"అయితే తప్పు విమానానిదా, నోళ్లు తెరిచినవాళ్లదా?"

ఇన్నయ్యకి ఒళ్లు మండింది. అంత మంటలోనూ, నవ్వు కనిపించకుండా ఆమె పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోవడం, పుస్తకం పైనుంచి కళ్లు మాత్రం నవ్వుతూ ఉండడం గమనించాడు. పోట్లాడ్డానికి వచ్చినవాడు అలాంటివి గమనించకూడదు.

"మీ మేనేజర్ని పిలవండి."

"నేనెవరినీ పిలవలేనండీ. నన్నే ఇంకా లోపలికి పిలవలేదు. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి వచ్చాను. నా పేరు షాలోమి."

ఈ గొడవ విని లోపలినుంచి కెప్టెన్ విజయలక్ష్మి బయటికొచ్చారు. ఆ స్కూల్‌కి ఆవిడే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. యాభై దాటిన మనిషి, తెల్లబడిన జుట్టు, ఎదుటివాళ్లని నిదానంగా చూసే చూపు. ఇన్నయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"బాబూ, ఎప్పుడైనా విమానం ఎక్కావా?"

"లేదండీ."

"నడపడం గురించి ఏమన్నా తెలుసా?"

"ట్రాక్టరు తెలుసండీ."

"చాలు. రేపు పొద్దున ఆరింటికి రా. పైనుంచి నీ తోట చూపించు. కోతలయ్యేదాకా విమానాలు అటు రాకుండా చూస్తాను. ఈ అమ్మాయి మధ్యాహ్నం నీకు పాఠం చెబుతుంది, రేపు పైకి తీసుకెళ్తుంది. షాలోమీ, నీ చివరి పరీక్ష ఈ అబ్బాయే."

తోట బాగుపడుతుందంటే ఎవరు కాదంటారు? ఇన్నయ్య సరేనన్నాడు. సరేననడానికి తోటొక్కటే కారణం కాదని కథ చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన దంచింది. విమానాలు పెట్టే రేకుల షెడ్డులో షాలోమి రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఇన్నయ్య చేతికి ఒక స్టీలు పళ్లెం ఇచ్చింది.

"ఇదే మీ కంట్రోల్. పక్కకి తిప్పితే రెక్క వాలుతుంది. దగ్గరికి లాక్కుంటే ముక్కు లేస్తుంది. ముందుకి తోస్తే ముక్కు దిగుతుంది. ఇప్పుడు ఎడమ పక్కకి తిరగండి."

ఇన్నయ్య తిప్పాడు.

"అలా కాదు!" అని ఆమె పళ్లెం లాక్కుని తిప్పి చూపించింది. రెండోసారీ లాక్కుంది. మూడోసారి లాక్కున్నప్పుడు పళ్లెం అంచు అతని వేలికి తగిలింది.

"మేడమ్, నాకు నేర్పుతున్నారా, మీరే నడిపేస్తున్నారా?"

సరదాకే అన్నాడు. ఆమె మొహంలో నవ్వు మాయమైంది. పళ్లెం తన ఒళ్లో పెట్టుకుంది.

"ఈ ఉద్యోగానికి పదకొండు మందిమి వచ్చామండీ" అంది. "లైసెన్సులు చూశారు. మేం ఎగిరిన ప్రతి గంటా రాసుకునే లాగ్‌బుక్ పేజీ పేజీ తిప్పి చూశారు. రాతపరీక్ష పెట్టారు, బోర్డు దగ్గర పాఠం చెప్పించారు. తర్వాత కెప్టెన్ గారే ఏమీ తెలియని స్టూడెంట్ లాగా పక్కన కూర్చుని కావాలని తప్పులు చేశారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. నచ్చకపోతే నన్నూ పంపేస్తారు. కిందటేడు ఎవరినీ తీసుకోలేదట."

"మీకేంటండీ, ఇంతదాకా వచ్చారుగా."

"ఇంతకుముందు రెండు స్కూళ్లలోనూ ఇంతదాకా వచ్చాను. రెండు చోట్లా ఒకటే మాట రాశారు. స్టూడెంట్ తప్పు దిద్దుకునేలోపే కంట్రోల్స్ లాగేసుకుంటుందని. నాకూ తెలుసు. కానీ నా చేతులు ఊరుకోవు. ఇది కూడా పోతే సోమవారం హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగంలో చేరాలి. ఇంక విమానాలని అద్దంలోంచి చూడ్డమే."

ఇన్నయ్యకి ఈ అమ్మాయి సోమవారం వెళ్లిపోతుందన్న మాట అస్సలు నచ్చలేదు.

"మా అమ్మ సవరమ్మ ఏం చేస్తుందో చెప్పనా? కొత్త కూలీకి గెడ చేతికిచ్చి, తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. నాలుగు కాయలు నేల మీద పడినా పట్టించుకోదు. ఎలా పట్టుకోవాలో నోటితోనే చెబుతుంది. చెట్టెక్కినోడి కాలు జారేటట్టుంటే మాత్రం ఒక్క ఉదుటున వెళ్లి పట్టుకుంటుంది."

షాలోమి పళ్లెం అతని చేతికిచ్చి, తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, "మళ్లీ తిప్పండి" అంది.

వాన వెలిసేసరికి ఇన్నయ్య పళ్లెంతో ఆకాశమంతా చుట్టొచ్చాడు.

"మీది ఏ చర్చి అండీ?" అనడిగాడు వెళ్లబోతూ.

"లూథరన్. బాపులపాడు. మీరు?"

"ఆర్‌సీఎం. కేథలిక్కులం."

"పర్లేదులెండి. విమానం ఎవరినైనా ఎక్కించుకుంటుంది" అంది.

మర్నాడు ఆరింటికి ఇన్నయ్య ఎడమ సీట్లో, షాలోమి కుడి సీట్లో, వెనక సీట్లో కాగితం, పెన్నుతో కెప్టెన్ విజయలక్ష్మి. షాలోమి విమానాన్ని రన్‌వే మీద పరుగెత్తించింది. చప్పుడు, కుదుపు. ఉన్నట్టుండి ఆ కుదుపు ఆగిపోయింది. నేల వదిలేశామని ఇన్నయ్యకి అప్పుడు అర్థమైంది.

ఏమని చెప్పాలి? నిన్నటి వానకి కడుక్కున్న తోటలు వరసలు వరసలుగా, ఎవరో ఓపిగ్గా కూర్చుని చుక్కలు పెట్టినట్టున్నాయి. చెరువులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. దూరంగా ఉంగుటూరు వైపు కోసేసిన మాగాణి ఆకాశం అంచుదాకా పరుచుకుని ఉంది. తను పుట్టి పెరిగిన నేలంతా ఒక్క చూపులో కనిపిస్తోంది. ప్రతి చెట్టునీ పేరు పెట్టి పిలిచే ఇన్నయ్యకి, ఆ పచ్చదనంలో తన తోటేదో తెలియలేదు.

"రన్‌వే పక్కన నీలం టార్పాలిన్ కనిపిస్తోందా? దాని పక్కదే మీది" అంది షాలోమి.

టార్పాలిన్ పక్కన చీమంత మనిషి పైకి చూస్తోంది. అమ్మ! ఇన్నయ్యకి కళ్లు చెమ్మగిల్లాయి. దేవుడు రోజూ మమ్మల్ని ఇక్కణ్ణుంచే చూస్తుంటాడు కాబోలు అనుకున్నాడు. తన బతుకంతా ఇంత చిన్నగా, ఇంత అందంగా ఉంటుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడు కంట్రోల్ మీది. ఎడమకి తిరగండి."

అతను తిప్పాడు. రెక్క వాలింది. వాలిన రెక్కని చూస్తూ అలాగే మైమరిచిపోయాడు. గాలి హోరు పెరిగింది. అద్దం నిండా ఎర్రమట్టి కనపడసాగింది. షాలోమి చెయ్యి ఒళ్లోంచి అంగుళం లేచింది. మళ్లీ ఒళ్లోకే వెళ్లింది.

"ఇన్నయ్యగారూ, ముక్కు ఎక్కడుంది?"

"కిందికి పోతోందండీ!"

"ఎక్కడుండాలి?"

అతను రెక్కని సర్ది, కంట్రోల్‌ని మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు. ఎర్రమట్టి జారిపోయింది. ఆకాశం వచ్చి తన చోట తను నిలబడింది. ఇంత పెద్ద విమానం తన మాట వింది! ఆ తర్వాత మూడు నిమిషాలు ఇన్నయ్య నోరు పెగల్లేదు.

దిగాక కెప్టెన్ అతన్ని పక్కకి పిలిచారు. షాలోమి రెక్క పక్కన నిలబడింది.

"ఎలా ఉంది బాబూ?"

ఆమెకి ఉద్యోగం రావాలి. ఇన్నయ్య ఉన్న పొగడ్తలన్నీ ఒక్కసారే కుమ్మరించాడు. "అద్భుతమండీ! ఆవిడంత బాగా ఎవరూ నడపలేరు. అంతా ఆవిడే చూసుకున్నారు. నాకేం కష్టం తెలియలేదు."

కెప్టెన్ పెన్ను ఆగింది. అంత దూరంలో షాలోమి మొహం పాలిపోయింది.

"బాగా నడిపేవాళ్లు పదకొండు మంది వచ్చారు బాబూ. అంతా తనే చూసుకునే మనిషి నాకక్కర్లేదు, నేర్పే మనిషి కావాలి. చివర్లో కొత్తవాణ్ణి నేను అడిగేది ఒక్కటే. పైన నువ్వేం తప్పు చేశావు? ఎవరు దిద్దారు?"

తన పొగడ్తలతోనే ఆమె కొంప ముంచానని ఇన్నయ్యకి అర్థమైంది. ఇంక ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప దారి లేదు.

"రెక్కనే చూస్తూ ముక్కు సంగతి మర్చిపోయానండీ. నేలకేసి దూసుకెళ్లాం. ముక్కెక్కడుందని అడిగారు. అప్పుడు రెక్క సర్ది, దగ్గరికి లాక్కుని, ఆకాశం అంచుకి తెచ్చాను."

"తెచ్చావా, తెచ్చారా?"

"నేనే తెచ్చానండీ. ఆవిడ ముట్టుకోలేదు."

"మళ్లీ అలా అయితే?"

"మళ్లీ కానివ్వనండీ. తిరిగేటప్పుడు ముందుకే చూస్తాను."

కెప్టెన్ కాగితం మడిచారు. షాలోమి దగ్గరికి నడిచి, "సోమవారం ఎనిమిదింటికి క్లాసుంది. ఆలస్యంగా రాకు" అన్నారు. అంతకంటే ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

షాలోమి రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఏం చెయ్యాలో తెలియక ఇన్నయ్య జేబురుమాలు అందించాడు. దానికి మామిడి సొన మరక ఉంది. అయినా ఆమె తీసుకుంది.

"ఇన్నయ్యగారూ, పైన మూడు నిమిషాలు నోరు మెదపలేదు. భయం వేసిందా?"

"భయం కాదండీ." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "నిజం చెబుతున్నా. కింద నా ఊరు, పక్కన మీరు. ఈ విమానం ఇంక దిగకపోతే బాగుండుననిపించింది. ఇవాళే కాదు, ఎప్పటికీ మీ పక్కన కూర్చోవాలనిపించింది."

రన్‌వే మీద గాలికి ఆమె జుట్టు మొహం మీద పడింది. సర్దుకోలేదు.

"ఆదివారం ఆరాధన అయ్యాక బాపులపాడు రండి. మా అమ్మతో మాట్లాడాలి" అంది.

"వస్తాను. మరి మీరేమంటారు?"

"నాకూ దిగాలనిపించలేదండీ. పెట్రోలుందో లేదో చూసుకోవాల్సింది నేనే కాబట్టి దించాను."