పసుపు క్లిప్పు

"చినత్సూ! నీ పేషెంటు లేచి కూర్చుంది. వచ్చి తీసుకెళ్ళు!"

మురాకోషి తాత కేక వినగానే చినత్సు బూట్లు ఒకటి అటు, ఒకటి ఇటు విసిరేసి మెట్లెక్కేసింది. పదేళ్ళ పిల్లకి నెల రోజులు ఆగడమంటే మాటలా మరి!

ఒకాయా ఊరి కమ్యూనిటీ హాల్లో, పై గదిలో, నెలకి రెండు శనివారాలు బొమ్మల ఆసుపత్రి నడుస్తుంది. డాక్టర్లందరూ రిటైరైన తాతలూ బామ్మలే. తెల్లకోట్లు వేసుకుని దర్జాగా కూర్చుంటారు. ఒక్క యెన్ కూడా తీసుకోరు. కానీ ప్రతి బొమ్మకీ కేస్ షీట్ రాయాల్సిందే. బొమ్మ పేరు, జబ్బు, కారణం, చికిత్స. నాలుగు గళ్ళూ నిండితే గానీ బొమ్మని ఇంటికి పంపరు.

మురాకోషి తాత నలభై ఏళ్ళు కెమెరా ఫ్యాక్టరీలో పనిచేశాడు. కరెంటు బొమ్మలన్నీ ఆయనకే వస్తాయి. ఇప్పుడు ఆయన బల్ల మీద చినత్సు తెల్ల జీపు ఉంది. అది వాళ్ళమ్మ చిన్నప్పటి రిమోట్ కారు.

"లోపల ఒక కెపాసిటర్ కారిపోయింది. రెండు చోట్ల టంకం విడిపోయింది" అన్నాడు తాత. "ముప్పై ఏళ్ళు అలమరలో ముడుచుకుని పడుకుంటే నాకైనా కీళ్ళు పట్టేస్తాయి."

"ఇప్పుడు పరిగెడుతుందా తాతా?"

"పరిగెడుతుంది. ముందు ఇలా రా."

తలుపు పక్కన గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద ఆరు బట్టల క్లిప్పులకి చోటుంది. ఒక్కోదానికి ఒక్కో రంగు. అందులో పసుపు క్లిప్పు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఇవి పాతకాలం కార్లమ్మా. కొత్తవాటిలా తమ రిమోట్ ఏదో తాము గుర్తుపట్టలేవు. ఒకే ఛానల్ మీద ఎవరు పిలిచినా పరిగెత్తేస్తాయి. నీ జీపుదీ, హరుమ బగ్గీ కారుదీ పసుపు ఛానలే. అందుకని ఒక్కటే పసుపు క్లిప్పు పెట్టాను. ఆ క్లిప్పు తీసి నీ రిమోట్ యాంటెన్నాకి తగిలించాలి. 'పసుపు' అని గట్టిగా అరవాలి. అప్పుడే స్విచ్ వేయాలి."

"అరవాలా? అందరి ముందూనా?" చినత్సుకి సిగ్గేసింది.

"ఆఁ, కింద వీధి దాకా వినపడాలి."

"క్లిప్పు లేకపోతే?"

"చేతులు జేబులో పెట్టుకుని నిలబడాలి" అని నవ్వాడు తాత.

కింద వాకిట్లో హరుమ తన నల్ల బగ్గీని గుండ్రంగా తిప్పుతున్నాడు. అది వాళ్ళ నాన్న కారు. దాన్ని కూడా మురాకోషి తాతే మొన్నీమధ్య బాగుచేశాడు. హరుమ రిమోట్ యాంటెన్నా చివర పసుపు క్లిప్పు ఊగుతోంది.

"హరుమా, నాకివ్వవా?"

"ఒక్క రౌండు!"

ఆ ఒక్క రౌండు పదైంది. చినత్సు మళ్ళీ అడిగింది.

"ఇదే ఆఖరు, ఒట్టు!" అన్నాడు హరుమ, కారు మీంచి చూపు తిప్పకుండానే.

చినత్సుకి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి ఆఖర్లు వాడికి ఎన్నుంటాయో ఎవరికి తెలుసు! జీపుని చంకలో పెట్టుకుని సైకిల్ స్టాండు వెనక్కి వెళ్ళింది. నడపడానికి కాదు. చక్రాలు తిరుగుతాయో లేదో చూడటానికే. రెండంటే రెండు సెకన్లు. అంతలో కొంపలేం మునిగిపోతాయి?

యాంటెన్నా పైకి లాగింది. స్విచ్ వేసింది. మీట ముందుకి నొక్కింది.

జీపు చక్రాలు జుయ్యిమని తిరిగాయి. అబ్బ, ఎంత బాగుందో! చినత్సు ఇంకా గట్టిగా నొక్కింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి ధడేల్‌మని చప్పుడైంది.

"అయ్యో! నేను ఆపాను! నేను ఆపుతూనే ఉన్నాను!" అని హరుమ అరుస్తున్నాడు.

చినత్సు గబగబా స్విచ్ కట్టేసి, జీపునీ రిమోట్‌నీ సంచిలో కుక్కేసింది. తేలు కుట్టిన దొంగలా స్టాండు పక్కనించి తొంగిచూసింది. నల్ల బగ్గీ మురికికాలవ సిమెంటు గట్టుకి గుద్దుకుని తిరగబడి ఉంది. ముందు భాగం నిలువునా చీలిపోయింది. చక్రం ఒకటి ఊడి దొర్లుతోంది.

మురాకోషి తాత మెట్లు దిగి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని కారుని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. తర్వాత హరుమ రిమోట్ వంక చూశాడు. పసుపు క్లిప్పు దాని యాంటెన్నాకే ఉంది.

"క్లిప్పు ఇక్కడే ఉంది కాబట్టి ఇంకెవరూ స్విచ్ వేసుండరు" అన్నాడు. కనీసం అటూ ఇటూ కూడా చూడలేదాయన. "తప్పు నా రిపేర్‌దే. టంకం సరిగా పడలేదు. నన్ను క్షమించు హరుమా."

అంత పెద్దాయన హరుమ ముందు తల వంచాడు. హరుమ కళ్ళు తుడుచుకుంటూ, "పర్లేదు డాక్టర్ తాతా" అన్నాడు.

చెప్పెయ్, చెప్పెయ్ అని చినత్సు మనసు పోరుపెట్టింది. అయినా నోరు విప్పలేదు. హరుమ దగ్గరికెళ్ళి, "పాపం" అని మాత్రం అంది.

ఆ రాత్రి కట్లెట్ కూడా సగమే తిని లేచింది.

"ఏంటే, నెల రోజులు జీపు జీపు అని నా ప్రాణం తీశావ్! తీరా బాగయ్యాక సంచిలోంచే తీయవా?" అంది వాళ్ళమ్మ.

"రేపు తీస్తాలే అమ్మా."

ఆ రేపు రెండు వారాలు రాలేదు. సంచి బీరువా పక్కనే పడి ఉంది. దాని పక్కనించి నడవాల్సి వచ్చినప్పుడల్లా చినత్సు మొహం తిప్పుకునేది.

మళ్ళీ ఆసుపత్రి శనివారం వచ్చింది. వెళ్ళనని మొండికేస్తే అమ్మ వంద ప్రశ్నలు వేస్తుంది. అందుకని సంచి పట్టుకుని వెళ్ళింది.

పై గదిలో నల్ల బగ్గీ విప్పి ఉంది. లోపలి సర్క్యూట్ బోర్డు మెరుస్తోంది. ఒక్క పాత టంకం కూడా లేదు, అన్నీ కొత్తవే. హరుమ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ప్రతి తీగా మళ్ళీ అతికాను" అంటున్నాడు మురాకోషి తాత. "కెపాసిటర్లన్నీ మార్చాను. భూతద్దం పెట్టి అంగుళం అంగుళం వెతికాను. తప్పు దొరకలేదు. బల్ల మీద బ్రహ్మాండంగా తిరుగుతోంది. నాకు భయం అక్కడే."

"బాగానే తిరుగుతోందిగా, ఇంకేం భయం?" అంది పక్క బల్ల మీద ఏనుగు బొమ్మ చెవి కుడుతున్న మినెగిషి బామ్మ.

"తప్పు ఎక్కడుందో తెలియకుండా పిల్లాడి చేతికెలా ఇస్తానమ్మా? మళ్ళీ అలాగే పరిగెత్తి ఏ పసిపిల్ల కాలికో తగిలితే?" తాత తన చేతుల్ని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాయి. వేళ్ళు వణుకుతున్నాయి. నా కళ్ళకి కనపడని తప్పేదో ఈ చేతులు చేస్తున్నాయి. ఇవాళ్టితో టంకం పని ఆపేస్తున్నాను. వచ్చే నెల నించి కోటు ఇంకెవరికైనా ఇవ్వండి."

ఆయన కేస్ షీట్ ముందుకి లాక్కున్నాడు. 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో 'డాక్టరు చేతులు' అని రాయడానికి పెన్ను తీశాడు.

"వద్దు! రాయొద్దు తాతా!"

చినత్సు అరిచిన అరుపుకి మినెగిషి బామ్మ వేలికి సూది గుచ్చుకుంది. అందరూ ఇటు తిరిగారు. చినత్సుకి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఈసారి మాట బయటికొచ్చింది.

"నేనే స్విచ్ వేశాను. ఆ రోజు సైకిల్ స్టాండు వెనకాల. క్లిప్పు లేకుండా. రెండు సెకన్లే అనుకున్నా. మీ చేతులు ఏ తప్పూ చేయలేదు తాతా, నేనే చేశాను!"

సోల్డరింగ్ ఐరన్ నించి సన్నగా పొగ లేస్తోంది.

ముందు లేచింది హరుమ. వాడి మొహం ఎర్రబడిపోయింది. "నువ్వా? నా దగ్గరకొచ్చి పాపం అని కూడా అన్నావు కదే!"

"అన్నాను." చినత్సు తల దించుకుంది. "నన్ను క్షమించు."

"క్షమించను, పో!"

అదీ న్యాయమే అనిపించింది చినత్సుకి.

మురాకోషి తాత బగ్గీ కింద ఒక చెక్కముక్క పెట్టి, చక్రాలు గాల్లో తేలేలా నిలబెట్టాడు. హరుమ రిమోట్ తనే తీసుకుని స్విచ్ వేశాడు. చక్రాలు కదల్లేదు.

"ఇప్పుడు నీది వెయ్యి" అన్నాడు చినత్సుతో.

చినత్సు స్విచ్ వేసి మీట నొక్కింది. బగ్గీ చక్రాలు పిచ్చెక్కినట్టు గిర్రున తిరిగాయి. తాత హరుమ రిమోట్ మీద ఎంత ఆపినా ఆగలేదు. చినత్సు స్విచ్ కట్టేసింది. చక్రాలు బుద్ధిగా ఆగిపోయాయి.

తాత ఆ చక్రాల వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టైంది.

"పద్నాలుగు రోజులు!" అన్నాడు. "పద్నాలుగు రోజులు ఈ చేతుల్ని తిట్టని తిట్టు లేదు. పాపం, నోరు లేదు కాబట్టి పడ్డాయి!" నవ్వుతూనే ఉన్నాడు కానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కోపం వచ్చింది చినత్సూ. లేదని అబద్ధం ఆడను. కానీ నువ్వు చెప్పకపోతే ఈ తప్పు నాకు ఈ జన్మలో దొరికేది కాదు."

ఆయన పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

చినత్సు బల్ల దగ్గర కూర్చుంది. కేస్ షీట్‌లో 'కారణం' గడి చాలా చిన్నది. అందుకని చిన్న అక్షరాలతో రాసింది: 'పసుపు క్లిప్పు తీసుకోకుండా చినత్సు స్విచ్ వేసింది.' పేరు దగ్గర చెయ్యి ఒకసారి ఆగింది. అయినా పూర్తి చేసింది.

'చికిత్స' గడి నింపడానికి సాయంత్రమైంది. చీలిన ముందు భాగానికి లోపలి వైపు నించి ప్లాస్టిక్ ముక్క పెట్టి అతికించాలి. జిగురు ఆరేదాకా వేళ్ళతో అదిమి పట్టుకోవాలి. పట్టుకున్నది చినత్సే. ఇరవై నిమిషాలకి వేళ్ళు తిమ్మిరెక్కాయి. వదల్లేదు.

కాసేపు హరుమ దూరం నించే చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి, "జరుగు. రెండో వైపు నేను పట్టుకుంటా. నువ్వు వంకరగా అతికించేలా ఉన్నావ్" అన్నాడు. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

పక్కన మురాకోషి తాత ఎవరిదో పాడే కుక్కపిల్ల బొమ్మ విప్పి, సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకున్నాడు.

రెండు వారాల తర్వాత వాకిట్లో నల్ల బగ్గీ మళ్ళీ గుండ్రంగా తిరిగింది. ముందు భాగంలో అతుకు గీత కనిపిస్తూనే ఉంది. చినత్సు మెట్ల మీద కూర్చుంది. తెల్ల జీపు ఒళ్ళో ఉంది. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"ఒక్క రౌండు!" అన్నాడు హరుమ.

"సరే."

"ఇంకొక్కటి?"

"తిప్పుకో. నేను ఆగుతాలే."

హరుమ కారు ఆపాడు. రిమోట్ స్విచ్ కట్టేశాడు. యాంటెన్నా మీంచి పసుపు క్లిప్పు తీసి, వచ్చి ఆమె ముందు చెయ్యి చాపాడు.

చినత్సు క్లిప్పు తీసుకుని తన యాంటెన్నాకి తగిలించింది. లేచి నిలబడింది. వాకిట్లో ఉన్న వాళ్ళందరి వంకా ఒకసారి చూసింది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"పసుపూ!"

పై గది కిటికీ తెరుచుకుంది. మురాకోషి తాత తల బయటపెట్టాడు.

"వినపడిందమ్మా! వెయ్యి స్విచ్!"